కండ్లు మూయలే

అట్ల గాదు ఋతుజా, నీ బళ్లె పోరలు బంతిని జూసి కండ్లు మూసుకుంటున్నరంటే నువ్వు గట్టిగ ఇసురుతున్నవన్నట్టు. పీటీ టీచరమ్మవై వారం గాలే, అప్పుడే గొంతు రాసిపోయేటట్టు ఒర్లుతున్నవ్. ఆ రబ్బరు బంతి అవతల వెట్టు. గా మూలకున్న వేస్టు నూలు ఇటియ్యి, చుట్టుకుంట చెప్త. మా అంబాదాస్ మాస్తర్ గిట్లనే చుడుతుండె. ఎవలా? నీకెట్ల ఎరుకైతడే, నువ్వు పుట్టకముందే పాయె. మన సాలోళ్ల దాజీ పేట్ల మా బడికి పీటీ మాస్తర్. బంతి కొననీకి బళ్లె ఏముండె, మన్ను! బట్ట నేసే మాగుల కాడ పారేసిన నూలు ఏరుకపోయి బంతి జేస్తుండె. ముందుగాల రెండడుగుల దూరంల నిలవడి, కిందికెల్లి మెల్లగ ఏస్తుండె. "చేతులు గిన్నె లెక్క వెట్టు బిడ్డా. బంతి పడంగనే పొట్ట దిక్కు గుంజుకో. కండ్లు మాత్రం మూయకు, చేతులకొచ్చేదాక దాన్నే సూడు." రోజుకొక్క అడుగు ఎనుకకు జరుగుతుండె. ఒక్కటే.

నాకైతే రాలే. నాకేం వచ్చిందని, మీ నాయనమ్మనడుగు. నా చెల్లె చంద్రభాగకు వచ్చింది. పదకొండేండ్ల పోరి, మైదానం ఆ కొసకెల్లి ఇసిరినా పట్టేది. మా అమ్మ బీడీలు చుట్టుకుంట తిడుతుండె, "ఆడిపోరికి బంతులేందే, ఆకు కత్తిరియ్యి" అని. మాస్తర్ ఇంటికొచ్చి, "పోటీలకు పంపు అక్కా" అని బతిలాడిండు. ఛాయ్ సల్లారుతుంది, తాగు. ఏడున్న? ఆఁ.

నాకు అప్పుడు పందొమ్మిదేండ్లు. ఇంట్ల రెండు పవర్లూములు, టవల్ల పని. నాడె సూసినవ్ గదా, నూలు కండె వెట్టుకొని ఇటుకెల్లి అటు ఉరుకుతది, రెండు కొసలకు ఇనుప మొనలు. ఒక్కోపారి మాగు ఇడిసి ఎగురుతది. మనోళ్ల పోరలకు నడక రాంగనే నేర్పుతం, నాడె ఎగిరితే కిందికి వంగాలె అని. ఆ దినం చంద్రి నాకు సద్ది తెచ్చింది. నాడె ఎగిరింది. "వంగే!" అని ఒర్లిన. వంగలే. రెండు చేతులు గిన్నె లెక్క వెట్టి నిలవడ్డది.

కుడికన్ను పాయె. దవాఖాన్ల మాస్తర్ రాంగనే, కంటికి కట్టుతోనున్న పోరి ఏమన్నదో ఎరుకేనా? "సార్, నేను కండ్లు మూయలే." శాబాస్ అంటడనుకున్నది పిచ్చిది. మాస్తర్ నోట్లె రుమాలు కుక్కుకొని ఏడ్సిండు. "ఆ కన్ను నేనే పొడిసిన" అన్నడు. మల్ల బంతి ముట్టలే. ఇరవై ఏండ్లు పోరలతోని లెఫ్ట్ రైట్ నడిపిచ్చిండు, బస్. సచ్చే ముంగట నన్ను పిలిపిచ్చుకున్నడు. "లింగయ్యా, ఆ పోరి నన్ను మాఫ్ చేసిందంటవా?" అన్నడు. "చేసింది మాస్తర్" అన్న.

నాడె ఎగరకుంట మాగుకు ముంగట అడ్డం ఇనుప సలాక ఉంటది బిడ్డా. పోగు అతుకవెట్టనీకి అడ్డమొస్తుందని పొద్దుగాల నేనే ఇప్పి గోడకు ఆనిచ్చిన. దవాఖాన్లకెల్లి వచ్చి, ఎవలు సూడకముందే మల్ల బిగిచ్చిన. మాస్తరుకు చెప్పలే. చంద్రికి సుత చెప్పలే. ఒంటికన్నుతోని బీడీలు చుట్టుకుంట బతికి, అది సుత పోయినేడు పాయె.

ఏంది అట్ల సూస్తున్నవ్? ఇంకింత నూలు తే. బంతి చిన్నగయింది.