లీలక్క చెప్పులు

అమెరికాలోని క్యారీ ఊళ్లో, రిటైరైన డాక్టర్ జ్ఞానప్రసూన ఇంటి గరాజ్. పచ్చి మట్టి పలక మీద గీస్తున్న అంకిత, గుమ్మంలో ఆవిడ.

“కాఫీ చల్లారిపోతోంది అంకితా, ముందు తాగు.”

“తాగుతాను ఆంటీ. గ్యాలరీవాళ్లకి ఫోన్ చేశారా?”

“చేస్తాలే. షోకి ఇంకా మూడు వారాలుందిగా.”

“పోయిన వారం నాలుగు వారాలుందన్నారు.”

“అబ్బ, ఎందుకమ్మా అంత తొందర? చిక్కిపోయావు. తింటున్నావా అసలు?”

“నా వర్క్ పర్మిట్ వచ్చి రెండు నెలలైంది ఆంటీ. ఇప్పుడు నా బొమ్మలు నేను అమ్ముకోవచ్చు. నా పేరు నేను పెట్టుకోవచ్చు.”

“పెట్టుకో. వద్దన్నానా?”

“పాతవి మీ పేరు మీదే ఉండనీయండి. పని చేయకూడని హెచ్-ఫోర్ వీసా మీద ఉండి అమ్మానని తెలిస్తే గ్రీన్ కార్డ్ పోతుందని మా ఆయన భయం. ఆ భయంతోనేగా ఆరేళ్లూ నేను గీస్తే మీరు సంతకం చేసింది.”

“ఇద్దరం అనుకునే చేశాంగా. నీకోసం ఈ గరాజ్ ఇచ్చాను, మట్టి కాల్చే కిల్న్ కొన్నాను. ఒక్క డాలర్ ముట్టుకున్నానా?”

“లేదు. నేనెప్పుడూ కాదనను. నేనడిగేది ఈ షోలో పెట్టే కొత్తవాటి గురించి. పన్నెండు పలకలు, వాటి ప్రింట్లు. అవి నావని చెప్పండి, చాలు.”

“చెప్తే ఊరుకుంటారా? మరి పాతవెవరివి అంటారు. తీగ లాగితే డొంకంతా కదులుతుంది.”

“కదిలితే నష్టం నాకు. మీకేంటి?”

“అదేంటమ్మా అలా అంటావు!”

“మీరు లైబ్రరీలో మాట్లాడిన వీడియో చూశాను.”

“అదా... అందులో ఏముందిలే.”

“పచ్చి మట్టి మీద గీయడం, రంగు రాసి కాగితం అద్దడం, నాలుగు కాగితాలకే గీత చచ్చిపోవడం, చివరికి పలకని కాల్చడం. అంతా చెప్పారు. గీత మొత్తం పోకముందే కాల్చేస్తాను, పోతుంటే చూడలేను, అన్నారు.”

“నువ్వన్నదేగా.”

“అవును, నేనన్నదే. తర్వాత నేను గీసిన చెప్పుల బొమ్మ చూసి, ఆ చెప్పులు ఎవరివని ఒకావిడ అడిగింది.”

“...కాఫీ వేడి చేసి తెస్తానుండు.”

“కూర్చోండి ఆంటీ. ఏం చెప్పారు?”

“అంతమంది ముందు నిలబెట్టి అడిగితే ఏదో ఒకటి చెప్పాలిగా.”

“మా అక్కవి, అన్నారు. ఐసీయూ బయట విడిచింది, పోయాక కూడా ఎవరూ తీయలేదు, అన్నారు. ఏడ్చారు కూడా.”

“నిజంగానే ఏడుపొచ్చింది అంకితా.”

“మీకు అక్కే లేదు ఆంటీ! అవి మా లీలక్క చెప్పులు. ఇండియా వెళ్తే, తిరిగి రావడానికి మళ్లీ వీసా స్టాంపింగ్ అవుతుందో లేదోనని నేను వెళ్లలేదు. మా బావ ఫోన్‌లో చూపిస్తే చూసి గీశాను. అది కూడా మీదేనా?”

“అరవకమ్మా. ముప్పై ఏళ్లు డాక్టర్‌గా చేశాను. రిటైరయ్యాక ఈ ఇంట్లో పలకరించే దిక్కు లేదు. ఆ రోజు వాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాకు! అప్పుడు అవన్నీ నావే అనిపించాయి. నీకు అబద్ధమెందుకు చెప్పాలి?”

“మీరు చెప్పరని తెలిసే నేనొక పని చేశాను. పక్క ఊరు డర్హమ్‌లో ఇంకో గ్యాలరీకి మూడు పంపాను. ఒక డ్రాయింగ్, ఒక ప్రింట్, ఒక పలక. నా పేరుతో.”

“...ఊఁ.”

“మీకు ఆశ్చర్యంగా లేదా?”

“ఎందుకు లేదూ? మంచిదే. ఏమన్నారు?”

“పొద్దున మెయిల్ వచ్చింది. జ్ఞానప్రసూనగారి పనికి కాపీ అట. ఇంకెప్పుడూ పంపొద్దన్నారు. మిగతా గ్యాలరీలకి కూడా చెప్తారట.”

“అయ్యో తల్లీ.”

“ఆరేళ్లలో మొదటిసారి నా పేరు రాసుకున్నాను ఆంటీ. నా గీతకి నేనే దొంగనయ్యాను.”

“ఊరుకో, ఏడవకు.”

“కింద ఇంకో మాట ఉంది. ఒరిజినల్ ఆర్టిస్ట్‌ని అడిగి కన్‌ఫర్మ్ చేసుకున్నాం, అని. మీకు ఫోన్ చేశారా?”

“ముందు కళ్లు తుడుచుకో.”

“చేశారా, లేదా?”

“పోయిన శుక్రవారం చేశారు.”

“అవి ఆ అమ్మాయివే అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఒక్క మాట. ఏమన్నారు మీరు?”

“నీ మంచికే చెప్పానమ్మా, ఒట్టు. లాయర్ నోటీస్ పంపమంటారా అని అడిగారు. వద్దండీ, పాపం నా దగ్గర నేర్చుకుంటున్న పిల్ల, ఈసారికి క్షమించి వదిలేయండని బతిమాలాను.”