బూమ్‌ను మాస్ట్‌కు కట్టిన పచ్చి తోలు

నా పేరు జానకిరామన్. తండ్రి రంగరాజులు, మగ్గం నేసేవారు, ఇప్పుడు లేరు. నా వయసు నలభై ఒకటి. వేలూరులో బి.ఎస్సి. కెమిస్ట్రీ చదివినాను. పేర్ణాంబట్టులో ఒక తోళ్ల కర్మాగారంలో పదిహేడేళ్లుగా కెమిస్టును. కాపురం గుడియాత్తం.

తమిళంలో చెప్పగలను. ఇంట్లో మాట్లాడే భాషలో అయితే తప్పు పోకుండా చెప్తానని అడిగినాను, మెజిస్ట్రేటుగారు ఒప్పుకున్నారు. ఈ నెల 12వ తేదీ సాయంత్రం నేను పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంలో ఒక తప్పు ఉన్నది. దాని వల్ల కాశి అనే మనిషి వేలూరు జైలులో ఉన్నాడు. దాన్ని సరిచేయడానికి నా అంతట నేనే వచ్చినాను.

2006 ఫిబ్రవరి 12, ఆదివారం. నా భార్య కోకిల ఐదున్నరకు లేచింది. ఆమె వయసు ముప్పై ఏడు. గుడియాత్తంలో ఒక ఆడపిల్లల బడిలో వ్యాయామం టీచరు. నిమ్మకాయ అన్నం చేసి రెండు డబ్బాలలో పెట్టింది. ఏడు గంటలకు నా స్కూటర్ మీద బయలుదేరి ఎనిమిదికి మోర్ధానా ఆనకట్ట చేరినాము. అక్కడ ఒక పార్టీ యువజన విభాగం వాళ్ల పండుగ. ఎన్నికలు దగ్గర పడినాయి. పార్టీ జిల్లా నాయకుడు పది గంటలకు వస్తారు, ఆయన ముందు కోకిల తెరచాప పలక నడిపి చూపించాలి. ఇదీ ఏర్పాటు.

తెరచాప పలక అంటే నీళ్ల మీద మనిషి నిలబడే పొడవైన పలక. దాని మీద నిలువు కడ్డీ ఉంటుంది, దాన్ని మాస్ట్ అంటారు. తెరచాప దానికి ఎక్కిస్తారు. మనిషి రెండు చేతులతో పట్టుకొనే అడ్డ కడ్డీ బూమ్. గాలి బలమంతా, మనిషి బరువంతా బూమ్ మీదనే ఉంటుంది. బూమ్ ముందు కొన మాస్ట్‌కు గట్టిగా కట్టి ఉండాలి. ఆ కట్టు జారితే పట్టుకోవడానికి ఇంకేమీ లేదు.

పదీ ఐదుకు కోకిల నీళ్లలోకి పోయి ఒక చుట్టు తిరిగి వచ్చింది. పదిహేను నిమిషాలు. "పదహారేళ్లయింది. కాళ్లు మర్చిపోలేదు చూడు" అన్నది. నాయకుడు అప్పటికి రాలేదు. కోకిల గట్టు మీద టీచర్లతో కూర్చున్నది. పలకను నీళ్లలోనే ఉంచినాము. తెరచాప, మాస్ట్, బూమ్ అన్నీ నీళ్లలో పడి ఉన్నాయి. గాలికి పోకుండా నేను మోకాలి లోతులో నిలబడి పలక పట్టుకున్నాను. పదీ ఇరవై నుంచి పదకొండూ యాభై ఐదు వరకు. గంటా ముప్పై ఐదు నిమిషాలు. బూమ్ కట్టిన చోటు ఒక అడుగు ముందుకు వేసి చెయ్యి చాపితే అందుతుంది. నేను చాపలేదు.

నాయకుడు వచ్చినారు. పన్నెండూ ఐదుకు ఆమె మళ్లీ పోయింది. మెడలో బడిలో వేసుకొనే ఈల ఉన్నది. తీసి ఇవ్వమన్నాను. "ఉండనీ, ఇది లేకుంటే మెడ బోసిగా ఉంటాది" అన్నది. రెండు వందల గజాలు పోయిన తర్వాత, పన్నెండూ పదకొండో పన్నెండో, బూమ్ ముందు కొన మాస్ట్ మీద నుంచి కిందికి జారింది. తెరచాప ముడుచుకుపోయింది. ఆమె వెనక్కి పడింది. గట్టు మీద జనం చప్పట్లు కొట్టినారు. అది కూడా ఆటలో భాగమనుకున్నారు. నేను కూడా కొట్టినానేమో. నాకు తెలియదు.

ఈల వినిపించింది అనుకుంటున్నాను. రెండుసార్లు. జనాన్ని సర్దే వాలంటీర్ల దగ్గర కూడా ఈలలు ఉన్నాయి. అది ఎవరి ఈలో నేను చెప్పలేను.

ఆమెకు ఈత బాగా వచ్చు, అందుకే మొదట ఎవరమూ కదలలేదు. పలక గాలికి కొట్టుకుపోతుంటే దాని వెనక ఈదింది. ఆ చోట నీళ్ల అడుగున ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన తుమ్మచెట్లు ఉన్నాయి. పన్నెండూ నలభైకి చేపలు పట్టేవాళ్లు పుట్టిలో పోయి తీసినారు. చుడీదారు కాలు కొమ్మకు తగులుకొని ఉన్నది. ఒకటీ యాభైకి ఆసుపత్రిలో డాక్టరు ప్రాణం లేదన్నారు. సాయంత్రం నేను స్కూటర్ తెరిచినప్పుడు రెండు డబ్బాలూ అట్లాగే ఉన్నాయి.

ఇప్పుడు ముందురోజు సంగతి చెప్పాలి. కేసుకు అదే ముఖ్యం.

ఆ పలక మా కర్మాగారం గోదాములో పదహారు పదిహేడేళ్లుగా పడి ఉన్నది. చెప్పు తోళ్లు కొనడానికి వచ్చిన ఒక జర్మనీ వ్యాపారి మద్రాసు సముద్రంలో ఆడుకొని, మా ముదలాళికి, అంటే యజమానికి, ఇచ్చి పోయినాడు. కోకిల మద్రాసులో చదివేటప్పుడు ఎన్.సి.సి. నౌకాదళ విభాగంలో ఉండి తెరచాప నడపడం నేర్చుకున్నది. ఆ సంగతి పార్టీ పట్టణ కార్యదర్శి గోవిందరాజులుకు తెలిసింది. జనవరిలో ఇంటికి వచ్చినాడు.

"చెల్లెమ్మా, తెరచాపకు మన జెండా కుట్టించేద్దామా?" అన్నాడు.

"వద్దన్నా. తెరచాపకు పార్టీ ల్యా. గాలి యా పక్క కొడితే ఆ పక్క పోతాది" అన్నది కోకిల.

"అట్లయితే అది ముందే మన పార్టీలో ఉండాది" అన్నాడు. ముగ్గురమూ నవ్వినాము. ఆమె ఒప్పుకున్నది పార్టీ కోసం కాదు. పలక కోసం.

11వ తేదీ శనివారం, సాయంత్రం ఐదు గంటలకు కర్మాగారం వెనక పెరట్లో బూమ్ కట్టినాము. నేను, కోకిల, కాశి. కాశి సున్నపు తొట్ల దగ్గర ఇరవై ఏళ్లుగా పని చేస్తున్నాడు. బరువు పట్టడానికి పిలిచినాను. పాతకాలం బూమ్ కనుక తాడుతో కట్టేది. ఉన్న తాడు చివికిపోయింది. బజారులో నైలాన్ తాడు తెచ్చినాము. కట్టే పద్ధతి కోకిలకు తెలుసు. బూమ్‌ను మాస్ట్ పొడవునా ఆనించి పెట్టి ముందు కొన బిగించి కట్టాలి. ఆ తర్వాత బూమ్‌ను అడ్డంగా దించాలి. దించేటప్పుడు కట్టు దానంతట అదే మెలిపడి ఇంకా బిగుస్తుంది. అడ్డంగా పెట్టి కడితే ఎంత లాగినా వదులే. ఆమె చెప్పింది, నేను కట్టినాను. మాస్ట్ నున్నగా ఉన్నది. నైలాన్ మూడుసార్లు జారింది.

"ఈయన ముడి ఇంతే కాశీ" అన్నది కోకిల. "పెండ్లిలో తాళి కూడా ఒక ముడే వేసినాడు. మిగతా రెండూ మా ఆడబిడ్డ వేసింది."

"అవి గట్టిగానే ఉండాయి గదమ్మా" అన్నాడు కాశి.

అప్పుడు తోలుతో కట్టాలన్న ఆలోచన వచ్చింది. అది నా ఆలోచన. కాశిది కాదు. సున్నంలో వెంట్రుకలు పోయి, ఇంకా పదును చేయని పచ్చి ఎద్దు తోలు ఒక పట్టీ కోసుకొని రమ్మన్నాను. అది తడిగా ఉన్నప్పుడు చుట్టి ఆరబెడితే ఇనుము మాదిరి బిగుస్తుంది. డోలు బిగించేవాళ్లు అట్లాగే చేస్తారు. కాశి కోసుకొని వచ్చినాడు. ఇచ్చేటప్పుడు ఒక మాట అన్నాడు. కోకిల అప్పుడు చేతులు కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి పోయింది, ఆమె వినలేదు.

"సార్, ఇది పచ్చి తోలు సార్. నీళ్లల్లో నానితే మళ్లా తొట్లో తోలు మాదిరి అయిపోతాది."

"కాశీ, కెమిస్ట్రీ నువ్వు చదివినావా, నేను చదివినానా?" అన్నాను.

"మీరే సార్. నేను తొట్టి కడిగే వాణ్ణి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

నేనే కట్టినాను. తొమ్మిది చుట్లు. కాశి బూమ్ పట్టుకున్నాడు, అంతే. ఆ రాత్రికి దాన్ని అట్లాగే తోళ్లు ఆరబెట్టే గదిలో ఫ్యాను గాలి కింద పెట్టించినాను. ఆదివారం పార్టీ వాళ్ల టెంపో దాన్ని ఆనకట్టకు తెచ్చింది. కాశి టెంపోలో వచ్చినాడు. గట్టు మీద కోకిల బూమ్ పట్టుకొని రెండు కాళ్లూ పైకెత్తి వేలాడింది. కదలలేదు. "ఇనుమే" అన్నది.

ఆ తర్వాత "తడిస్తే?" అని ఆమె అడిగిందా, లేదా, నాకు తెలియడం లేదు. ఒకసారి తలుచుకుంటే ఆమె అడుగుతుంది, నేను "ఏం కాదు" అంటాను. ఇంకోసారి తలుచుకుంటే ఆమె ఏమీ అడగదు, తెరచాప మడతలు విప్పుతూ ఉంటుంది. రెండూ ఒకే మాదిరి కనబడుతున్నాయి. దయచేసి రెండూ రాసుకోండి.

పదును చేయని తోలు నీళ్లలో మెత్తబడుతుందని నాకు తెలుసు. ఈ పదిహేడేళ్లూ నేను చేసిన పని అదే. తెలియక చేసినానని ఎవరైనా అంటే అది నిజం కాదు. నాకు తెలుసు. తెలిసి ఎందుకు చేసినానో తెలియదు. మొదటి చుట్టులో ఏమీ కాలేదు కాబట్టి మర్చిపోయినానా? మొదటి చుట్టుకు ముందే మర్చిపోయి ఉన్నాను.

ఆ రోజు మధ్యాహ్నం కాశి ఈదుకుంటూ పోయి బూమ్‌ను గట్టుకు తెచ్చినాడు. పట్టీ దానికే వేలాడుతున్నది. నా చేతిలో పెట్టినాడు. మెత్తగా, జారుడుగా ఉన్నది. పోలీసులు దాన్ని తీసుకున్నారు.

సాయంత్రం ఆరింటికి స్టేషన్‌లో నన్ను అడిగినారు. గోవిందరాజులు నా పక్కన ఉన్నాడు. పట్టీ ఎవరు తెచ్చినారని అడిగినారు. కాశి అన్నాను. కట్టేటప్పుడు ఎవరు ఉన్నారన్నారు. కాశి ఉన్నాడన్నాను.

"కాశి ఎదురు పార్టీ యూనియన్ వాడు గదా సార్" అన్నాడు గోవిందరాజులు.

అవునన్నాను. అది నిజమే. కాశి తెచ్చి కట్టినాడని రాసి, చదివి వినిపించినారు. నా చెవిలో పడింది. సంతకం పెట్టినాను. సభ చెడగొట్టాలని వేరే పార్టీవాడు కావాలనే పచ్చి తోలు కట్టినాడని గోవిందరాజులు ఫిర్యాదు ఇచ్చినాడు. 13వ తేదీ ఉదయం, నేను శ్మశానంలో ఉన్నప్పుడు, కాశిని పట్టుకున్నారు. 14న పేపరులో చదివినాను. అప్పుడు నాకు అర్థమయింది. అయినా రాలేదు.

20వ తేదీ ఉదయం తొమ్మిదికి కాశి భార్య చౌడమ్మ ఇంటికి వచ్చింది. అరుస్తుందేమో అనుకున్నాను. అరవలేదు. మెట్టు మీద కూర్చున్నది.

"అమ్మ మంచిది సార్. మా పాపకు బడిలో బూట్లు ఇప్పించింది" అన్నది. తర్వాత, "ఆయన సంచి మీ బండిలో ఉండాదా సార్? దాంట్లో రక్తపోటు మాత్రల చీటీ ఉండాది. చీటీ చూపిస్తే జైల్లో మాత్రలు ఇస్తారంట" అన్నది.

ఆనకట్ట దగ్గర కాశి నా బండిలో పెట్టిన సంచి స్కూటర్‌లోనే ఉన్నది. తెచ్చి ఇచ్చినాను. "శానా ఉపకారం సార్" అని లేచింది. "ఆయన అట్లాంటోడు కాదు సార్. మీకు తెలుసు గదా" అన్నది.

తెలుసన్నాను.

22న పనికి పోయినాను. అదే రకం తోలులో ఒక పట్టీ కోసి ఒక ఇనుప గొట్టానికి కట్టి, రాత్రంతా ఆరబెట్టి, మరునాడు నీళ్ల తొట్టిలో పెట్టినాను. గంటా ముప్పై ఐదు నిమిషాలకు తీసినాను. రెండు వేళ్లతో నెడితే జరిగింది. మళ్లీ కట్టినాను. నాలుగు పట్టీలు కట్టినాను. నాలుగూ జరిగినాయి. నాలుగుసార్లు ఎందుకు చేసినానో తెలియదు. ఒకసారి చాలు.

నిన్న గోవిందరాజులుకు ఫోను చేసి కోర్టుకు పోతున్నానని చెప్పినాను.

"మీకు తల తిరిగినట్ల ఉండాది సార్. నాలుగు దినాలు ఆగండి. కాశిని మేమే బెయిలుకు తీస్తాం. ఇప్పుడు మీరు పోతే మీ మీదికి వస్తాది" అన్నాడు.

వస్తుందని తెలుసన్నాను. అతను కోపంగా అనలేదు. నా మేలు కోరే అన్నాడనుకుంటున్నాను. అది కూడా నాకు సరిగ్గా తెలియదు.

కాశి పట్టీ కోసి తెచ్చినాడు, నేను అడిగినందుకు. నీళ్లలో నానితే పనికిరాదని చెప్పినాడు. ఆలోచన నాది, ముడి నాది, నీళ్లలో ఉంచింది నేను. కోకిలకు పట్టీ సంగతి చెప్పవలసిన మనిషిని నేను.

రేపు 28వ తేదీ వేలూరులో కాశి బెయిలు విచారణ. రేపే కోకిలకు పదహారో రోజు. పొద్దున్నే కర్మ చేయాలి. మా అత్త, కోకిల తల్లి పంకజమ్మకు నిన్న రాత్రి అంతా చెప్పినాను, ముడి సంగతి కూడా. "పోయి రా నాయనా. నువ్వు వచ్చేదాకా పొయ్యి వెలిగించం" అన్నది.

రేపు ఉదయం ఆరూ పదికి బస్సు ఎక్కి వేలూరు పోతాను. కోర్టు తలుపు తెరిచేసరికి అక్కడ ఉంటాను. ఇక్కడ చెప్పింది కాశి ముందర, చౌడమ్మ ముందర మళ్లీ చెప్తాను. పోనిస్తే మధ్యాహ్నానికి తిరిగి వచ్చి కర్మ చేస్తాను. నన్ను అక్కడే ఉంచేస్తే కోకిల తమ్ముడు ఏకాంబరం చేస్తాడు. అతనికి చెప్పి పెట్టినాను.

పైన రాసింది నా నోటితో నేను చెప్పింది. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఆశ చూపలేదు. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని చెప్పినాను. అంతవరకు ఇది నిజం.

గుడియాత్తం, 27–02–2006, సోమవారం, ఉదయం 11.40

(సంతకం)
ర. జానకిరామన్