గంటన్నర దూరం

ఉత్తరధ్రువం వైపు చిన్న ఊరు గ్రైస్ ఫియర్డ్‌లో విమానం దిగే చోట చిన్న గది. జులై నెల, బయట పొగమంచు. ముసలి పద్లూక్, ఎనిమిది నెలల కడుపుతో అతని మనవరాలు లీయా.

"మళ్ళీ కిటికీ దగ్గరికెందుకు తాతా? నువ్వు చూస్తే పోతుందా మంచు?"

"కొండ అంచు కనపడిందే ఇందాక."

"పొద్దుట్నించీ కనపడుతూనే ఉంది నీకు. కూర్చో. రెజల్యూట్‌లో విమానం బయల్దేరిందట. నిన్నట్లా నెత్తిమీద తిరిగి తిరిగి వెనక్కి పోకపోతే చాలు."

"ఆ ఊరు గంటన్నర దూరమే! అక్కడ మా అక్క ప్రాణం పోతోంది, ఇక్కడ నేను టీ తాగుతూ కూర్చున్నా."

"నాదీ ఆ విమానమేగా. ఆసుపత్రికి చేరకపోతే ఈ బల్ల మీదే కంటాను. పోనీ మంచు మీద నడిచే స్కిడూ బండెక్కి పోతావా?"

"ఎక్కడే? సముద్రం మీద మంచు పగిలిపోయింది. పడవ వేద్దామంటే అన్నీ మంచుగడ్డలు. బోనులో పడ్డ నక్కనైపోయా."

"పోనీ ఫోన్లో మాట్లాడు. మీ అక్క, ఊలీపీకా అవ్వ, అడుగుతోంది నిన్ను."

"వద్దు."

"తాతా..."

"వద్దన్నానా! ఫోన్లో మాట్లాడితే అదే ఆఖరి మాటైపోతుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడతా."

"నాతో నిన్న మాట్లాడింది."

"ఏమందీ?"

"చెప్తే తిడతావు."

"తిడతాలే, చెప్పు."

"పుట్టే బిడ్డకి తన పేరు పెట్టమంది."

"నోర్ముయ్."

"చెప్పానా!"

"తను పోతున్నాననేగా దానర్థం! సరేనన్నావా?"

"నీ మాట కావాలంది. తమ్ముడు ఊఁ అంటేనే నా బిడ్డగా తిరిగి వస్తానంది."

"నేననను. అంటే పొమ్మన్నట్టే."

"ఎదురింటి పిల్లాడికి మీ నాన్న పేరు పెట్టారని వాణ్ణి నాన్నా అని పిలవట్లేదూ? నువ్వు సీల్‌ని వేటాడి తెస్తే కాలేయం ముందు వాడికే. వాడు చాక్లెట్ అడిగితే లేదనలేవు."

"అది వేరు. మా నాన్న పోయాక వచ్చాడు వాడు. అక్క ఉందింకా. నేను వెళ్ళేదాకా ఉంటుంది."

"ఫోన్ మోగుతోంది తాతా. అవ్వ కొడుకే."

"తియ్యకు."

"తియ్యకపోతే ఎలా? ... ఆఁ మావయ్యా... ఎప్పుడూ? ... ఆఁ. ఇక్కడే ఉన్నాడు. చెప్తాలే."

"చెప్పకు."

"సరే తాతా. చెప్పను."

"... బాధపడిందా?"

"లేదట. నిద్రలోనేనట. కళ్ళు మూసుకునే ముందు, తమ్ముడు ఊఁ అన్నాడా అని అడిగిందట."

"ఏం చెప్పాడు వాడు?"

"అన్నాడని."

"అబద్ధాలకోరు వెధవ! ... మంచిపని చేశాడు."

"తాతా, చప్పుడు! విన్నావా? అదిగో లైట్లు!"

"ఇప్పుడొచ్చింది చూడు, ఇప్పుడు! నాకేడుపొస్తోందే లీయా."

"ఏడువు. నేనూ ఏడుస్తున్నాగా. ... దిగేసింది. మట్టి వేసే వేళకైనా అందుతావు, పద."

"పద. మెల్లిగా, మెట్లు తడిగా ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చో అక్కా, నీకక్కడే ఇష్టంగదా."

"నేను లీయాని తాతా!"

"నీతో ఎవడు మాట్లాడుతున్నాడే?"