ఎరుపు తెలియని మిరప రైతు

పర్చూరు దగ్గర ఒక కల్లం. అక్కడ మిరపకాయలు ఆరబోసిన రైతును కలవడానికి, వాన కబురు చెప్పే యాప్ తయారుచేసిన అమ్మాయి గుంటూరు నుంచి వచ్చింది.

"ఇప్పుడు చూడండి బాబాయ్. వానైతే ఎర్ర చుక్క, లేకపోతే ఆకుపచ్చ చుక్క అన్న పద్ధతి తీసేశాను. 'వాన వస్తోంది, పట్టా కప్పండి' అని రాసి వస్తుంది, పైకి చదువుతుంది కూడా."

"ఫోన్ చేసిన మర్నాటికే మార్చేశావే! గట్టిదానివమ్మా."

"గట్టివాళ్ళు మీరు. ఆ రెండు రంగులూ మీకు ఒకేలా కనిపిస్తాయని చెప్పకపోతే నాకెట్లా తెలిసేది? వట్టి రంగులు పెట్టి ఊరుకోవడం నా తప్పే."

"నీ ఒక్కదానిదేనా? చెప్పకుండా ఊరుకుని కాయలు తడుపుకుంది నేనేగా. మిరప రైతుకి ఎరుపు తెలీదంటే ఊళ్ళో నవ్వరూ? మా ఆవిడక్కూడా చెప్పలా."

"మరి పండుకాయలు ఎట్లా కోస్తారు?"

"కోతకి కూలోళ్ళు వస్తారుగా. నేను మూటలు మోస్తా."

"మీ పేరు ఎక్కడా పెట్టలేదు బాబాయ్. 'ఒక రైతు చెప్తే మార్చాం' అని మాత్రం యాప్‌లో రాశాను."

"బతికించావు. నవ్వులపాలయ్యేవాణ్ణి."

"అది చూసి పొద్దున ఇద్దరు ఫోన్ చేశారు, మాకూ అంతేనమ్మా అని. ఇద్దరూ మీ ఊరివాళ్ళే."