జల్లెడ దగ్గర మనిషి

చిక్కడపల్లిలోని ఓ ల్యాబు కౌంటరు ముందు పాలమూరు తాపీమేస్త్రి బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. అతని రిపోర్టు చదువుతున్న ల్యాబు పిల్ల నవ్వింది.

“నవ్వుతవేంది బిడ్డా? కిడ్నీలు పోయినయా?”

“పోలే కాకా. పోయినసారి మూత్రంల ప్రోటీను నాలుగు గ్రాములు పోయింది, ఇప్పుడు ఒక్కటే.”

“అంటే జల్లెడ బాగైనట్టేనా?”

“జల్లెడ సంగతి నీకెవరు చెప్పిండ్రు?”

“డాక్టరమ్మ. కిడ్నీల జల్లెడ ఉంటదట, దాన్ని బాగుచేసే జీను, గదే జన్యువు, పని బందు పెట్టిందట. ఇసుక పట్టేటోడు చిరిగిన జల్లెడ ఇడిసిపెట్టి బీడీ తాగవోతే రాళ్లు కిందికి రాలవా మరి?”

“గంతే. గోలీలు ఏసుకుంటున్నవు గద, జీను మళ్ల పనికెక్కింది.”

“ముప్పై ఏండ్ల సంది మందినంత ఒర్లి పనిచేయించిన. నా లోపటోడొక్కడే నా మాట వినలే!”

“ఆడు గోలీ మాటే వింటడు. కాళ్లవాపు తగ్గిందని గోలీలు ఆపేవు మళ్ల!”



“ఆపితే ఏమైతది?”

“నువ్వు రెండు దినాలు సైటుకు పోకుంటే ఏమైతది?”

“ఒక్కడు తట్ట ముట్టడు.” మేస్త్రి అంగీ జేబు తడుముకున్నాడు. “జర మంచినీళ్లియ్యి బిడ్డా. నిన్నటి సంది గోలీ జేబులనే ఉన్నది.”