పన్ను కట్టే చేతికి ఓటు

“అవ్వా, నువ్వు మొట్టమొదట ఓటేసినప్పటి సంగతి చెప్పు.”

అదా? అది చెప్పాలంటే పలకల అంగడి కాడ్నించి మొదలుపెట్టాల తల్లీ. దగ్గరికి జరుగు, గట్టిగా అరవలేను.

మీ తాత పోయేటప్పటికి నాకు ఇరవయ్యారో ఇరవయ్యేడో. మీ నాయన సంకలో ఉండె... కాదు, నడస్తానే ఉండె, సంకలో ఉన్నింది మీ అత్త. మార్కాపురంలో మాది పలకల అంగడి. గనుల కాడ్నించి బండ్ల మీద రాయి వస్తే చీల్చి, నున్నగా అరగదీసి, చుట్టూ చెక్క బిగించి అమ్మేది. పలక అణానో అణాన్నరో, సరిగ్గా గుర్తుల్యా. “ఆడదానివి, మూసెయ్యి” అన్నాడు మా బావ. నేను మూయలా. కొమరోలు నించి వచ్చిన పనోళ్ళు నలుగురు ఉండిరి, వాళ్ళ నోట్లో మట్టి కొట్టమంటావా?

అప్పుడు కొత్తగా అమ్మకం పన్ను అని పెట్టినారు. ఆఫీసరొచ్చి లెక్కల పుస్తకం చూపించమనేది. నాకు చదువు రాదు, పుస్తకం యాడుంటాది? అంగడి ఇంకా మీ తాత పేరునే ఉండె, ఆ పేరు మీదే తోచినంత పన్ను వేసి, రసీదిచ్చి పోయేది. అప్పట్లో మనం మద్రాసు కింద ఉంటిమి, ఆ శాసనసభలో మనకొక మెంబరు ఉండె. మొదటిసారి ఓట్లకొచ్చినప్పుడు చిన్న అంగళ్ళ జోలికి ఎవుర్నీ రానియ్యనన్నాడు. గెలిచి మద్రాసు పోయినాక నోరు తెరవలేదంట.

మళ్ళీ ఓట్లొచ్చినాయి, మళ్ళీ ఆయనే నిలబడినాడు. ఆ కాలంలో పన్ను కట్టేటోళ్ళకు, చదువొచ్చినోళ్ళకే ఓటు, మీ మాదిరి అందరికీ కాదు. అందుకని అంగళ్ళెంబడి తిరిగినాడు. పక్కన నూనె అంగడి మస్తాన్ భాయిని పలకరించి, నా అంగడి దాటి పోతాన్నాడు.

“అయ్యా, నన్ను అడగరా?” అన్నా.

ఎంబడున్న మనిషి జాబితా చూసి “ఈమెకు ఓటు ల్యా” అన్నాడు. మెంబరు నవ్వి, “నీకెందుకమ్మా ఇవన్నీ” అని పోయినాడు.

మర్నాడు పన్ను రసీదు కొంగున కట్టుకోని తాలూకా కచేరీకి పోయినా. గుమాస్తా చూసి, “ఇది మీ ఆయన పేరున ఉండాది. ఆయన్ను పంపు” అన్నాడు.

“ఆయన పోయి మూడేండ్లాయ.”

“అయితే ఆ ఓటు పోయినట్టే.”

“మరి పన్ను ఎందుకు పోలా సామీ?”

రసీదు నా ముందరికి తోసేసినాడు. ఇంకోసారి పోయినా, రేపు రమ్మన్నాడు. మూడోసారి మస్తాన్ భాయి కూడా వచ్చినాడు, పాపం, అంగడి మూసుకోని. తాసిల్దారు బయటికొచ్చే దాకా వరండాలో కూచున్నాం.

“అంగడి నడిపేది ఎవరు?” అన్నాడు తాసిల్దారు.

“ఈమే సార్. రాయి బేరం చేసేదీ ఈమే, కూలి ఇచ్చేదీ ఈమే,” అన్నాడు భాయి.

నా పేరడిగి రాయించినాడు. వేలిముద్ర వేసినా.

తర్వాత అంగళ్ళోళ్ళందరినీ పిలిచి మెంబరు మీటింగు పెట్టినాడు. నేను లేసి నిలబడినా. “అయ్యా, ఇప్పుడు నాకూ ఓటుండాది. మా పన్ను గురించి మద్రాసులో ఏం మాట్లాడినారు?”

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఏమీ మాట్లాడలేదమ్మా” అన్నాడు. తప్పించుకోలా, అది మెచ్చుకోవాల. ఆ మాటతో అందరికీ ధైర్యమొచ్చింది. ఒక్కొక్కరే లేసి బాధ చెప్తాంటే తనే కాయితం తీసుకోని రాసుకున్నాడు.

ఓట్ల రోజు నిలబడినోళ్ళలో ఒక్కొక్కరికి ఒక్కో రంగు పెట్టె, మనకు కావాల్సినోళ్ళ పెట్టెలో చీటీ వెయ్యాల. ఎవరికేసినావంటావా? చెప్పను, మీ నాయనకే చెప్పలా. ఆ మెంబరే మళ్ళీ గెలిచినాడు. ఈసారి సభలో మాట్లాడినాడంట, మస్తాన్ భాయి పేపరు చదివి చెప్పినాడు. పన్ను పోలేదులే. ఆఫీసరు మాత్రం ఆ పైన అంగట్లో కూచోని, అమ్మింది కండ్లతో చూసి పన్ను వేసినాడు. మాకు అదే చాలు.

ఆ అంగడి మీదే మీ నాయన చదువు, మీ అత్త పెండ్లి... నువ్వు కూడా నీ కాళ్ళ మీద నిలబడి చల్లగా బతకాల తల్లీ. ఏందో, గొంతెండిపోయింది, ఆ చెంబు ఇట్లందియ్యి...