రెండు నిమిషాల మౌనం

కోరుకొండలో, రిటైరైన ఫిలాసఫీ ప్రొఫెసర్ లలితాంబ గారి వరండా. సాయంత్రం.

"గుమ్మంలో గుర్తుపట్టలేకపోయానండి మేడమ్. జుట్టు..."

"టైఫాయిడ్ వచ్చి కత్తిరించేశారు. కూర్చో మణిశంకర్. ఆ సంచిలో ఏంటి?"

"శాలువా అండి. రేపు మన సదస్సు ముగింపు సభలో మీకు సన్మానం. మీరు తప్పకుండా రావాలి."

"సన్మానమా? రిటైరైనప్పుడు కప్పలేదుగా?"

"అప్పుడు కరోనా కదండీ."

"కరోనా పోయి చాన్నాళ్ళైంది. సరే, ఇప్పుడు హెచ్‌వోడీవి, ఫిలాసఫీ సొసైటీ సెక్రటరీవి నువ్వే కదా. ఆహ్వానం పంపలేదేం? పేపర్లో చూసి తెలుసుకున్నాను."

"వాట్సాప్ గ్రూపులో పెట్టామండి."

"గ్రూపులోంచి నన్ను తీసేశారుగా."

"అది... పొరపాటున..."

"ఎవరు తీశారు?"

"నేనేనండి. మొన్న."

"ఎందుకూ?"

"మేడమ్, మీకు ఇవాళ ఎవరైనా ఫోన్ చేశారా?"

"నువ్వే చేశావు. మధ్యాహ్నం. నేను హలో అనగానే పెట్టేశావు."

"మీ గొంతు వినగానే భయమేసి పెట్టేశానండి. ఎలా చెప్పాలో తెలీడం లేదు. ఇవాళ పొద్దున ప్రారంభ సభలో, పోయిన సభ్యుల పేర్లు చదివి మౌనం పాటిస్తాం కదా..."

"ఊఁ. నేను పెట్టిన ఆనవాయితీయే."

"అందులో మీ పేరు..."

"చదివావు."

"చదివానండి."

"నేను పోయానని నీకెవరు చెప్పారు?"

"గ్రూపులో ఎవరో పెట్టారు, లలితాంబ గారు ఇక లేరని. అందరూ ఓం శాంతి అన్నారు. నేనూ అన్నాను."

"పోయింది అమలాపురం సంస్కృతం లలితాంబ. దినానికి నేనూ వెళ్ళొచ్చాను. మా ఇంటికి ఒక్క ఫోన్ చెయ్యలేకపోయావా?"

"సదస్సు హడావిడిలో... లేదండి. చెయ్యలేదు."

"క్లాసులో నీకు ఏం చెప్పాను? ఒకళ్ళు చెప్పిన మాట నమ్మేముందు ఏం చూడాలి?"

"చెప్పినవాళ్ళకి స్వయంగా తెలుసా అని."

"మరి ఆ మెసేజ్ పెట్టినవాడికి తెలుసా?"

"వాడు ఇంకో గ్రూపులో చూశాట్టండి."

"బావుంది."

"మధ్యాహ్నం మన డిపార్ట్‌మెంటు ఫణిశ్రీ వచ్చి, మీరు బస్సెక్కుతుంటే చూశానంది. నేను నమ్మలేదు. అందుకే ఫోన్ చేశాను. సిగ్గుతో చచ్చిపోతున్నానండి."

"ఆగు నాయనా. ఇవాళ్టికి నేనొక్కదాన్ని పోయాను, చాలు."

"తిట్టండి మేడమ్, పడతాను. కానీ రేపు ఒక్క అరగంట రండి. మీరు వేదిక మీద కనపడితే ఎవరూ ఇంకేమీ అడగరు."

"అంటే ఈ శాలువా నా కోసం కాదు."

"నా పరువు కోసమేనండి."

"పోనీలే, ఒప్పుకున్నావు. నా గురించి ఏం మాట్లాడావు సభలో?"

"ఏదో, రెండు మాటలు."

"ఏం మాటలు?"

"తల్లిలాంటివారని... మీ దగ్గరే పీహెచ్‌డీ చేశానని..."

"ఇంకా?"

"గుర్తులేదండి. మాట్లాడుతుంటే ఏడుపొచ్చేసింది."

"ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాణ్ణని చెప్పలేదూ? ఆఖరి రోజుల్లో దగ్గరుండి చూసుకున్నాననలేదూ? టైఫాయిడ్‌తో పడుంటే మీ డిపార్ట్‌మెంటు నుంచి ఒక్కళ్ళూ రాలేదు మణిశంకర్."

"మేడమ్... ఇదంతా మీకెవరు చెప్పారు? ఫణిశ్రీయా?"

"ఎవరూ చెప్పలేదు. చివరి వరుసలో, తలుపు పక్కన కూర్చున్నాను. నువ్వు మౌనం పాటిద్దామన్నావు, అందరితోపాటు నేనూ లేచి నిలబడ్డాను. ఆ రెండు నిమిషాలూ నువ్వు నా వంకే చూశావు."